బాహుకుణ్ణి దమయంతి ఎలా గుర్తుపట్టింది: రూపం మార్చుకునే ప్రేమికుల కథల గురించి ఒక లేఖ

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక సాహిత్య పుటలో నవలల మీద, కథల సంపుటాల మీద, అప్పుడప్పుడు అనువాదాల మీద కూడా మంచి సమీక్షలు వస్తున్నాయి. అయితే మా కళాశాల పిల్లలు బస్సులోనూ, మధ్యాహ్న విరామంలోనూ ఫోనులో చదువుతున్న, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న ఒక రకం ప్రేమకథల గురించి ఆ పుటలో ఇంతవరకు నాకు ఒక్క వాక్యం కనబడలేదు. పున్నమి రాత్రి తోడేలుగా మారే యువకుణ్ణి ప్రేమించిన అమ్మాయి కథ, కోరిన రూపం ధరించగల ఇచ్ఛాధారి నాగిని ఒక ఇంటికి కోడలిగా వచ్చిన కథ, పులిగా మారే జమీందారు కథ, ఇలాంటివి రోజుకొక భాగం చొప్పున నెలల తరబడి సాగుతున్నాయి. నేను తెలుగు ఉపన్యాసకురాలిని. ఈ కథలు చదువుతాను, ఇష్టంగానే చదువుతాను. వీటిని చిన్నచూపు చూడటం అన్యాయమని నా అభిప్రాయం. ఇవి ఎలా ఉంటేనేం అని వదిలేయడం అంతకంటే పెద్ద అన్యాయం. ప్రేమించినవాడు రూపం మార్చుకోవడమనేది, మనిషి మనసును పరీక్షించడానికి కథకుడికి దొరికే బలమైన సాధనాల్లో ఒకటి. ఆ సాధనం చేతిలో ఉండగా దాన్ని వేషం మార్చడానికి తప్ప మరి దేనికీ వాడకపోతే పాఠకులకు దక్కవలసింది దక్కడం లేదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ కథల్లో చాలావరకు నడిచే దారి వాటిని చదివేవారికి తెలిసిందే. తోడేలు మనుషులకు ఒక గుంపు ఉంటుంది, ఆ గుంపుకు 'ఆల్ఫా' అనే నాయకుడు ఉంటాడు, అతనికి విధి రాసిపెట్టిన జోడీ ఒకరుంటారు, ఆమెను 'మేట్' అంటారు. ఇంగ్లిషులో పారానార్మల్ రొమాన్స్ పేరుతో పెరిగిన ఈ కట్టుబాట్లు అనువాదాల ద్వారానూ, అనుకరణల ద్వారానూ దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా తెలుగులోకి వచ్చేశాయి. ఆ అమ్మాయి గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టగానే అతను వాసన పట్టి, ఈమే తనదని తేల్చేసుకుంటాడు. ప్రేమ పుట్టే ఘట్టం అంతటితో అయిపోయినట్టే. ఆమె కాదంటుంది. కానీ ఆ కాదనడం కథ మరికొన్ని భాగాలు సాగడానికి పనికొచ్చే ఆలస్యం మాత్రమే, దానికి కథలో వేరే విలువ లేదు. అతను పిడికిలితో గోడను గుద్దుతాడు, అతని కళ్లు బంగారు రంగుకు తిరుగుతాయి, ఆమె వణికిపోతుంది, ఆ వణుకే ప్రేమ అని చుట్టూ ఉన్నవాళ్లంతా కలిసి ఆమెకు నచ్చజెబుతారు. మొదటి భాగంలో అతను ఎలాంటివాడో చివరి భాగంలోనూ అలాంటివాడే. మధ్యలో ఎన్నిసార్లు తోడేలుగా మారినా ఆ తోడేలు అతనికి నేర్పేదేమీ ఉండదు. నాగిని కథల్లోనూ అంతే. పాము పగ అచ్చం మనిషి పగలాగే ఉంటుంది. పాముగా ఉన్నప్పుడు నేల అదురు ఆమె ఒంటికి ఎలా తెలిసేదో, మనిషి ఒళ్లు వచ్చిన మొదటి రోజు రెండు కాళ్ల మీద నిలబడటం ఆమెకు ఎంత వింతగా తోచిందో ఎవరూ రాయరు.

కాలక్షేపానికి రాసే కథల నుంచి ఇంత ఆశించవచ్చా అని కొందరు అడుగుతారు. నలదమయంతుల కథ కూడా ఒక మనిషికి పొద్దు గడవని సమయంలో చెప్పినదే. జూదంలో రాజ్యం పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజు, నాకంటే దురదృష్టవంతుడైన రాజు ఎవడైనా ఉన్నాడా అని అడిగితే బృహదశ్వ మహర్షి ఓదార్పుగా చెప్పిన కథ అది. నన్నయ దాన్ని అరణ్యపర్వంలో తెలుగు చేశాడు. శ్రీనాథుడు శ్రీహర్షుని కావ్యాన్ని అనుసరించి శృంగార నైషధంలో పెళ్లి వరకు చెప్పాడు. మనం దీన్ని హంస రాయబారం కథగానో, పతివ్రత కథగానో తలుచుకుంటాం గానీ, ఇది మొదటి నుంచి చివరి వరకు మారు రూపాల కథ. దేవతలు నలుడిగా మారతారు, నలుణ్ణి పాడుచేయాలని పూనుకున్న కలికి తోడైన ద్వాపరుడు పాచికల్లో దూరతాడు, ఆ పాచికలు పక్షులై వచ్చి నలుని ఒంటిమీద బట్టను ఎత్తుకుపోతాయి, చివరికి నలుడే బాహుకుడనే మరొకడవుతాడు.

స్వయంవర మండపంలో దమయంతి ఎదుట ఒకే రూపంలో ఐదుగురు నలులు కనిపిస్తారు. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని రూపం ధరించి వచ్చారు. ఆమె తొందరపడి ఎవరో ఒకరి మెడలో దండ వేయదు. హంస మాట విన్ననాడే నలుణ్ణి వరించాను, మనసా వాచా మరొకరిని తలచలేదు, ఆ సత్యం చూసి నాకు నలుణ్ణి చూపించండి అని ఆ దేవతలనే వేడుకుంటుంది. అప్పుడు వాళ్లు తమ గుర్తులు చూపుతారు. ఆ నలుగురికీ చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలోని పూలు వాడలేదు, పాదాలు నేలకు ఆనలేదు. ఐదోవాడికి నీడ పడుతోంది, ఒంటిమీద దుమ్ముంది, చెమట ఉంది, మెడలో దండ వాడింది. ఆమె ఆ చెమట పట్టిన మనిషినే ఎంచుకుంది. లోపమే లేని నాలుగు దేహాలను పక్కన పెట్టి, అలిసిపోయే దేహాన్ని కోరుకున్న ఈ ఒక్క క్షణంలో ప్రేమ గురించి ఉన్నంత ఆలోచన, నేను చదివిన తోడేలు ధారావాహికలన్నిటిలో కలిపి కూడా లేదు.

ఈ ఘట్టం తరగతిలో చెప్పినప్పుడు ముందు వరుసలోని విద్యార్థిని ఒకరు, "ఇదీ మేట్ కథే కదా మేడమ్, రాసిపెట్టి ఉన్న జోడీయే కదా" అంది. నేను బదులు చెప్పేలోపే వెనక బెంచీలోని అమ్మాయి అందుకుంది: "రాసిపెట్టడమేంటే, ఆమె ముందే ఎంచుకుంది. దేవుళ్లొచ్చినా మార్చుకోలేదు. వాళ్లు కూడా సరే అని వెళ్లిపోయారు." ఆ చివరి మాట నాకు ముఖ్యమనిపించింది. ఇంద్రుడంతటివాడు మారు రూపంలో వచ్చి కూడా, ఆమె కాదన్నప్పుడు కోపం తెచ్చుకోలేదు. నలుగురూ నలునికి వరాలిచ్చి వెళ్లారు. కాదన్న మాటను గౌరవించడం అతీత శక్తులున్న పాత్రకు తగ్గుతనం అవుతుందని మన ధారావాహిక రచయితలు ఎందుకు అనుకుంటున్నారో నాకు అర్థం కాదు.

అయితే నలుని కథ అసలు ఎదిగేది పెళ్లి తర్వాతే. ధారావాహికలు ఆగిపోయే చోట అది మొదలవుతుంది. కలి పట్టిన నలుడు అన్నీ ఓడిపోయి, అడవిలో నిద్రపోతున్న భార్య కట్టుబట్టలో సగం కోసుకుని, ఆమెను అక్కడే వదిలి వెళ్లిపోతాడు. పోతాడు, మళ్లీ వెనక్కి వచ్చి చూస్తాడు, మళ్లీ పోతాడు. ఆ తర్వాత కార్చిచ్చులో చిక్కుకున్న కర్కోటకుణ్ణి కాపాడితే, ఆ నాగరాజు అతన్ని కాటు వేసి రూపం చెడగొడతాడు. నిన్నెవరూ గుర్తుపట్టకుండా ఉండటానికే ఇలా చేశాను, నా విషం నీ లోపల ఉన్నవాణ్ణి బాధిస్తుంది అని చెప్పి, తిరిగి నీ రూపం కావలసిననాడు కప్పుకోమని వస్త్రాలు ఇస్తాడు. ఈ కథలో రూపం మారడం వరమూ కాదు, ఉత్త శాపమూ కాదు. అది వైద్యం లాంటిది. అందగాడైన నలుడు చేసిన తప్పును, ఎవరూ తలెత్తి చూడని కురూపి బాహుకుడు అయోధ్యలో ఋతుపర్ణుని గుర్రాలను తోముతూ, వంటచేస్తూ మోయవలసి వచ్చింది. రోజూ సాయంత్రం అతను ఒకే శ్లోకం పాడుకునేవాడట. ఆకలిదప్పులతో అలసి ఆ అభాగిని ఎక్కడ పడి ఉందో, ఆ మందబుద్ధిని తలచుకుంటూ ఎవరి పంచన ఉందో అని దాని భావం. తోటివాడైన జీవలుడు, రోజూ ఎవరికోసం ఇలా ఏడుస్తావని అడిగితే, మతి లేనివాడొకడికి ఒక భార్య ఉండేది అని ఎవరి కథో చెప్పినట్టు చెబుతాడు. తన తప్పును తన పేరుతో చెప్పలేక, మరొకడి కథగా చెప్పుకునే ఆ మనిషి మనసు ఎంత లోతైనదో చూడండి. మారు రూపం లేకపోతే ఈ సన్నివేశమే లేదు.

దమయంతి రెండోసారి అతన్ని ఎలా గుర్తుపట్టిందన్నది నాకు మహాభారతంలో ఎంతో ఇష్టమైన భాగం. మొదటిసారి ఆమెకు గుర్తులన్నీ దేహం మీదే దొరికాయి. ఈసారి ఆ దేహమే లేదు. పుట్టింటి నుంచి నలుదిక్కులకూ బ్రాహ్మణులను పంపి ఒక ప్రశ్న అడిగిస్తుంది: సగం బట్ట కోసుకుని, నమ్మి నిద్రపోతున్న దాన్ని అడవిలో వదిలి ఎక్కడికి పోయావు జూదరీ అని. అన్ని ఊళ్లలోనూ ఆ మాటకు కన్నీళ్లు పెట్టుకుని బదులు చెప్పినవాడు అయోధ్యలోని వంటవాడొక్కడే. మళ్లీ స్వయంవరమని అయోధ్యకు కబురంపి అతన్ని విదర్భకు రప్పించాక కూడా ఆమె తొందరపడదు. కేశిని అనే చెలికత్తెను పంపి కనిపెట్టమంటుంది. కేశిని వచ్చి చెప్పిన సంగతులు ఏ రచయితైనా నేర్చుకోదగినవి. అతను వంగకుండానే చిన్న గుమ్మం పైకి లేస్తోంది, అతను చూడగానే ఖాళీ కడవల్లో నీళ్లు నిండుతున్నాయి, గడ్డిపరక పట్టుకుంటే మంట రాజుకుంటోంది, నలిపిన పూలు ఇంకా తాజాగా తేరుకుంటున్నాయి. ఇవన్నీ దేవతలు పెళ్లినాడు ఇచ్చిన వరాల జాడలు. అయినా దమయంతికి అవి చాలలేదు. అతను వండిన మాంసం కొంచెం తెప్పించి నోట్లో వేసుకుని రుచి చూసింది. ఆ తర్వాత పిల్లలిద్దరినీ అతని దగ్గరికి పంపింది. బాహుకుడు వాళ్లను ఒళ్లోకి తీసుకుని బావురుమన్నాడు. అంతలోనే తేరుకుని, వీళ్లు నా పిల్లల్లాగే ఉన్నారు, అందుకే ఏడ్చాను, నువ్విలా మాటిమాటికీ వస్తుంటే చూసేవాళ్లు తప్పుగా అనుకుంటారు, ఇక వెళ్లు అని కేశినితో అన్నాడు.

వంట రుచితో, పిల్లలను పట్టుకున్న చేతులతో, అడిగిన ప్రశ్నకు పడిన వేదనతో ఆమె భర్తను గుర్తుపట్టింది. ఐదు దేహాల మధ్య ఒక దేహాన్ని పోల్చుకోగలిగిన యువతి, దేహం ఆనవాలే లేనప్పుడు మనిషిని పోల్చుకోగలిగే స్త్రీగా ఎదిగింది. పాత్ర ఎదుగుదల అంటే నేననేది ఇదే. రచయిత ఆమె ఎదిగిందని ఎక్కడా చెప్పలేదు. రెండు పరీక్షలు పెట్టి, రెండోదాన్ని మొదటిదానికంటే కష్టమైనదిగా చేశాడు.

ఇక మన తెలుగు కవుల దగ్గరికి వస్తే, అల్లసాని పెద్దన మనుచరిత్ర ఈ విషయంలో ఎంతో ముందుంది. అయినా మన తరగతి గదుల్లో ఆ కథ తరచూ సగంలో ఆగిపోతుంది. కోరిన చోటికి చేర్చే పాదలేపం హిమాలయం మీద కరిగిపోయిన ప్రవరుడనే బ్రాహ్మణుడు వరూధిని అనే అప్సరసను దారి అడగడం, ఆమె కోరడం, అతను తోసివేయడం, ఆ తోపులో అతని గోరు తగిలిన చోటు చూపించి ఆమె కన్నీరు పెట్టుకోవడం, అగ్నిదేవుని దయతో అతను ఇల్లు చేరడం, అంతవరకు పిల్లలకు బాగా తెలుసు. ఆ తర్వాతి మాయాప్రవరుని కథే నా దృష్టిలో మనసును కలచేది. ఒకప్పుడు వరూధిని కాదన్న గంధర్వుడొకడు, ఆమె ప్రవరుని కోసం కుమిలిపోవడం చూసి, ఆ ప్రవరుని రూపంలోనే ఆమె ముందుకు వస్తాడు. మూలమైన మార్కండేయ పురాణంలో, కలిసి ఉన్న వేళ కన్నులు మూసుకోవాలని అతను ఆమెకు నియమం పెడతాడు. ఆమె గర్భవతి అయ్యాక సెలవు తీసుకుని వెళ్లిపోతాడు. తనను ప్రేమించినవాడు ప్రవరుడు కాడని ఆమెకు ఎవరూ చెప్పరు.

సొంత ముఖంతో వచ్చినప్పుడు ఛీకొట్టిన స్త్రీ, అరువు ముఖంతో వచ్చినప్పుడు చేయి చాచింది. ఆమె పలికిన ప్రతి మురిపెపు మాటా ఆ గంధర్వుని చెవికి మరొకరి పేరుతోనే అందింది. గెలిచినట్టా, ఓడినట్టా అతనికైనా తెలుసునా? ఆమె వైపు నుంచి చూస్తే ఇది ఇంకా కఠినమైన సంగతి. ఆమె సమ్మతించింది ఒక మనిషికి, దగ్గరైనది మరొకడు. ఇది మోసం, నేటి మాటలో చెప్పాలంటే ఘోరమైన మోసం, దాన్ని ప్రేమకథ అని ముద్దుగా చెప్పుకుని దాటవేయకూడదు. మారు రూపం ఉన్న ప్రతి ప్రేమకథలోనూ ఈ ప్రశ్న తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది: నిజం ఎప్పుడు చెబుతావు, చెప్పాక ఆమెకు వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంటుందా? మన ధారావాహికల్లో తోడేలు రహస్యం బయటపడే భాగం రచయితకు గొప్ప మలుపు. కానీ ఆ రహస్యం దాచిన రోజులకు ఆ అమ్మాయికి సంజాయిషీ ఇవ్వాలన్న ఆలోచన హీరోకి రాదు, ఇన్నాళ్లూ ఎవరితో మాట్లాడానన్న అనుమానం హీరోయిన్‌కు రాదు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఈ చిక్కును మరింత బిగించాడు. అక్కడ మణికంధరుడు రంభ ప్రియుడైన నలకూబరుని రూపంలోనూ, కలభాషిణి రంభ రూపంలోనూ ఉండి, ఎదుటివారు అసలువారే అని ఇద్దరూ నమ్ముతారు. రెండు అబద్ధాలు ఒకదాన్నొకటి కౌగిలించుకున్న ఆ ఘట్టాన్ని 16వ శతాబ్దంలోనే ఊహించిన భాష మనది. ఇవాళ ఆ భాషలో రాసేవారు ఇంత తక్కువతో సరిపెట్టుకోవడం నాకు బాధగా ఉంది.

గిరీశ్ కర్నాడ్ కన్నడంలో రాసిన నాగమండల నాటకం కూడా ఇదే చోట నిలబడుతుంది. పగలు తాళం వేసి వెళ్లే భర్త, రాత్రి అదే ముఖంతో వచ్చి లాలనగా మాట్లాడే నాగుడు, ప్రశ్నలడగవద్దన్న కట్టడి, వీటి మధ్య రాణి అనే అమ్మాయి కాస్త కాస్తగా ఎదుగుతుంది. ఊరి పెద్దల ఎదుట పుట్టలో చేయి పెట్టి ప్రమాణం చేయవలసి వచ్చేసరికి ఆమె మొదటి రంగంలోని బెదురుపిల్ల కాదు.

తోడేలు కథలే రాయాలనుకునేవారు ఆ కథల పాత ఊటలను చూసినా మేలు కలుగుతుంది. 12వ శతాబ్దంలో మారీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి పాత ఫ్రెంచిలో చెప్పిన బిస్‌క్లావ్రే కథలో, ఒక ప్రభువు వారానికి మూడు రోజులు తోడేలై అడవిలో తిరుగుతాడు. విడిచిన బట్టలు దొరికితేనే తిరిగి మనిషి కాగలడు. ఆ రహస్యం తెలుసుకున్న భార్య మరొకడి చేత ఆ బట్టలు దొంగిలింపజేస్తుంది. తోడేలుగానే మిగిలిపోయిన అతను వేటకు వచ్చిన రాజు పాదాన్ని ముద్దాడి శరణు కోరుతాడు, రాజుతోనే కోటకు వెళతాడు. చాలా కాలానికి నిజం తెలిసి, బట్టలు తెప్పించి అందరి ముందూ పెడితే ఆ తోడేలు వాటి వైపు కన్నెత్తి చూడదు. అప్పుడు రాజు దగ్గరున్న వివేకి ఒకడు, ఇంతమంది ఎదుట మారడం అతనికి సిగ్గుగా ఉంటుంది, గదిలోకి తీసుకువెళ్లి తలుపు వేయండి అంటాడు. కొంతసేపటికి వాళ్లు తలుపు తీసి చూస్తే రాజు పడక మీద ఆ ప్రభువు నిద్రపోతూ ఉంటాడు. మృగం నుంచి మనిషి కావడం సిగ్గుపడవలసినంత సొంతమైన విషయమని ఆ కవయిత్రికి తెలుసు. మన తోడేలు నాయకులు మాత్రం అందరూ చూస్తుండగా చొక్కా చించుకుని మారతారు. ఫ్రెంచిలోనే 1740లో మదామ్ ద విల్‌నవ్ రాసి, 1756లో మదామ్ లెప్రాన్స్ ద బోమాన్ కుదించిన అందగత్తె, మృగం కథలో ఆ మృగం ప్రతి రాత్రీ తన కోరిక అడుగుతుంది, ఆమె ప్రతి రాత్రీ కాదంటుంది, అది నిట్టూర్చి వెళ్లిపోతుంది. ఆ కథకు ప్రాణం చివర్లో రాకుమారుడు ప్రత్యక్షం కావడంలో లేదు, ఆ వెళ్లిపోవడంలో ఉంది.

రచయితల ఇబ్బందులు నాకు తెలియనివి కావు. రోజుకొక భాగం రాయాలి, ప్రతి భాగం చివర పాఠకురాలు డబ్బు కట్టి తాళం తీసుకునేంత ఉత్కంఠ ఉండాలి, కామెంట్లలో "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు" అనే మాట ఆగకూడదు. ఇలాంటి ఒత్తిడిలో మనిషి నెమ్మదిగా మారడాన్ని చూపించడం కష్టం, గోడను గుద్దడం సులువు. రాసేవారిలో ఇంటిపని, ఉద్యోగం ముగించుకుని రాత్రిపూట ఫోనులోనే టైపు చేసే స్త్రీలు ఉన్నారు. వాళ్ల శ్రమ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ వారపత్రికల కాలంలోనూ ధారావాహికలు వారం వారం ఉత్కంఠతోనే ఆగేవి. అయినా ఆ నవలల్లో మొదటి వారం కనిపించిన అమ్మాయి చివరి వారానికి తన కాళ్ల మీద తాను నిలబడి, తన నిర్ణయం తాను తీసుకునే మనిషి అయ్యేది. విడతలుగా రాయడం ఎదుగుదలకు అడ్డు కాదు. నిజానికి విడతలుగా వచ్చే కథకు ఒక మేలు ఉంది: పాఠకురాలు పాత్రతో కలిసి నెలలు గడుపుతుంది. ఆ నెలల్లో పాత్రకు ఏమీ జరగకపోతేనే ఆశ్చర్యం.

కనుక సంపాదకులు గారికి నా విన్నపం ఇది. సాహిత్య పుటలో నెలకొకసారైనా ఇలాంటి ధారావాహిక ఒకదాన్ని తీసుకుని, మిగతా నవలలను చూసినట్టే శ్రద్ధగా, మర్యాదగా సమీక్షించే ఏర్పాటు చేయండి. కథ నచ్చిందా, నచ్చలేదా అని తేల్చడంతో ఆగకుండా, రూపం మారడం ఆ పాత్ర దగ్గర ఏమి తీసుకుంది, ఏమి ఇచ్చింది, నిజం చెప్పవలసిన క్షణాన్ని రచయిత ఎదుర్కొన్నారా, తప్పించుకున్నారా అని సమీక్షకులు అడగాలి. అలా అడిగేవారు ఉన్నారని తెలిస్తే రాసేవారి చేయి తప్పకుండా మారుతుంది. చదివే పిల్లలకు కూడా, ఇందులో నాకేదో వెలితిగా అనిపించింది, అది ఇదన్నమాట అని చెప్పుకోవడానికి మాటలు దొరుకుతాయి.

పాత కథలు సర్వం చెప్పేశాయని కూడా నేను అనడం లేదు. నలుని కథలోనే నన్ను ఇప్పటికీ వేధించే చోటు ఒకటి ఉంది. బాహుకుణ్ణి ఎదురుగా నిలబెట్టి దమయంతి అడుగుతుంది: నిద్రపోతున్న భార్యను అడవిలో వదిలి వెళ్లిన ధర్మాత్ముణ్ణి ఎవరినైనా నువ్వు చూశావా అని. అతను కన్నీళ్లతో, అది నేను చేసింది కాదు, కలి చేయించాడు అంటాడు. ఆ వెంటనే, నువ్వు రెండో స్వయంవరం ఎలా ప్రకటించావని ఆమెనే నిలదీస్తాడు. ఆమె గాలిని, సూర్యుణ్ణి, చంద్రుణ్ణి సాక్షులుగా పిలవవలసి వస్తుంది. వాయుదేవుడు ఆకాశం నుంచి ఆమె నిర్దోషి అని పలికాకే అతను కర్కోటకుడిచ్చిన వస్త్రం కప్పుకుని సొంత రూపం తెచ్చుకుంటాడు. విడిచి వెళ్లినవాడు ఒక్క సాక్ష్యమూ చూపకుండానే బయటపడ్డాడు, విడిచిపెట్టబడిన ఆమె దేవతల చేత సాక్ష్యం చెప్పించుకుంది. నా విద్యార్థినులు ఈ చోట ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కలి మీదకు నెట్టకుండా, బట్ట కోసిన చేయి నాదే అని బాహుకుడు తన కురూపంలోనే ఒప్పుకుని, ఆ తర్వాతే వస్త్రం కోసం చేయి చాచే సన్నివేశాన్ని ఇంకా ఎవరో ఒకరు రాయవలసి ఉంది. తోడేలు మనిషి పేరుతో రాసినా సరే, నాగకన్య పేరుతో రాసినా సరే, అలాంటి భాగం ఒకటి ఏ ధారావాహికలోనైనా వస్తే దాని సమీక్షను మీ పుటలో చదవాలని నా కోరిక.

భవదీయురాలు,
తెలుగు ఉపన్యాసకురాలు,
రాజమహేంద్రవరం